పరదేశమున సంపాదన – ఇంటివద్ద పద్దు

వంశధార సముద్రమున కలియు చోట, శ్రీకూర్మమునకు కొలది దూరములోనే, కళింగపట్నము కలదు. ఇప్పుడచ్చట దీపస్తంభము నిలిచియున్నది కాని ఓడలు రావు. ఒకప్పుడు ఈ రేవునుండియు, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడ రేవులనుండియు కూలీలు స్టీమరులెక్కి రంగూనునకు పోయెడివారు. మన పల్లెలలో ఆ దేశమునకు ‘రంగం’ అనియే పేరు. నేటి యువకులు విమానమెక్కి దుబాయి, కువైటు, ఖతారు, సౌదీ అరేబియా, సింగపూరు దేశములకు పోవుచున్నారు. వీరిలో వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు ఎక్కువ. మార్గము మారినది, ఇంటివద్ద నిలిచిన ప్రశ్న మాత్రము మారలేదు. పోయినవాడు పంపు సొమ్ముతో ఇల్లు గడచి, అప్పు తీరి, పిదప ఏమైన మిగులునా?

ఒక ఇంటి జమాఖర్చులతో పంచాయతీ సభ్యులకేమి పనియని కొందరనుకొనవచ్చును. కాని పద్దు తప్పిన ఇంటి తగవు కడపట వచ్చి చేరునది రచ్చబండకే. ఋణదాత పొలము వ్రాయించుకొనుట, దళారి మాట తప్పుట, నెలల తరబడి సొమ్ము రాక ఇల్లాలు పుట్టింటికి చేరుట, బడికి పోవు పిల్లవాడు పనిలో కుదురుట – ఇవన్నియు సభ్యుల యెదుటకు వచ్చు వ్యవహారములే. అప్పటికి చేయదగినది స్వల్పము. ప్రయాణమునకు ముందు ఒక సాయంకాలము ఆ కుటుంబముతో కూర్చుండి లెక్క వేసినచో చేయదగినది చాల కలదు.

రంగము పోయినవారి లెక్క

రంగూను కూలీని మేస్త్రీ గొనిపోయెడివాడు. ఓడ చార్జియు, ఇంటి ఖర్చునకు కొంత బయానాయు ముందుగా నిచ్చి, ఆ సొమ్మును అక్కడి కూలినుండి కోసికొనెడివాడు. బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను, రిక్షా లాగుటలోను దినమంతయు శ్రమించిన కూలీలలో తన బాకీ ఎంత తగ్గినదో చెప్పలేనివారు ఎందరో యుండిరి. ఏలయనగా పద్దు వ్రాయు కలము వాని చేతిలో లేదు. మేస్త్రీ చేతిలో నుండెడిది.

కష్టములు అంతటితో ఆగలేదు. 1930 మే నెలలో రంగూను రేవులో బర్మా కూలీలకును, తెలుగు కూలీలకును ఘోరమైన కొట్లాటలు జరిగినవి. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలకొలది జనము అడవులుపట్టి కాలినడకను అస్సాము చేరవలసి వచ్చినది. యుద్ధానంతరము అక్కడ నిలిచినవారికి 1964లో మరొక దెబ్బ తగిలినది. ఆ సంవత్సరము అక్కడి ప్రభుత్వము వర్తకమును జాతీయము చేసినది. మే 17వ తేదీన 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించినది. ఏండ్ల తరబడి పెట్టెలో దాచిన ధనము ఒక దినములో కాగితములైనది. తిరిగి వచ్చినవారిలో కొందరు విశాఖపట్నమున స్థిరపడిరి. కంచరపాలెము వద్ద బర్మా క్యాంపు అను పేరు నేటికిని వినబడుచున్నది.

పాత కథ చెప్పుట కాలక్షేపమునకు గాదు. బాకీ పద్దు ఎవరి చేతిలో నున్నది, నిలువ సొమ్ము ఏ దేశమున నున్నది అను రెండు ప్రశ్నలు నేటి దుబాయి కుటుంబమునకును వర్తించును.

ఒక ఇంటి లెక్క

ఇప్పుడొక కుటుంబమును ఊహింతము. ఇది ఉదాహరణకై కల్పించిన లెక్క; అంకెలు మార్చుకొని ప్రతి యిల్లును వేసికొనవచ్చును. భర్త వెల్డరు. ఇంటివద్ద భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఉందురు. దుబాయి కంపెనీతో ఒప్పందము రెండు సంవత్సరములకు, జీతము నెలకు 1,500 దిర్హములు, బస కంపెనీదే. భోజనమునకు 400, ఫోను, సబ్బు, క్షవరము మొదలగు చిల్లర ఖర్చులకు 100 దిర్హములు పోగా 1,000 మిగులును. సొమ్ము పంపు రుసుము 20 తీసివేయగా 980. దిర్హమునకు 22 రూపాయల చొప్పున లెక్కించిన ఇంటికి చేరునది 21,560 రూపాయలు. ఇంటి ఖర్చు నెలకు 12,000 అనుకొందము. అప్పునకు మిగులునది 9,560 రూపాయలు.

‘నెలకు తొమ్మిదిన్నర వేలు మిగులుచున్నవి, ఇంకేమి భయము’ అని పెక్కుమంది ఇక్కడనే లెక్క ఆపివేయుదురు. లెక్క ఇక్కడ మొదలగుచున్నది.

ఇతడు వీసాకని దళారికి 1,50,000 రూపాయలు ఇచ్చెను. ఆ సొమ్ము నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి తెచ్చినది. పనిలో చేరినంతనే జీతము చేతికి రాదు; నెల పనిచేసిన పిమ్మట జీతము పడి, అది ఇంటికి చేరుసరికి రెండు నెలలు గడచుననుకొనుట క్షేమము. ఆ రెండు నెలల ఇంటి ఖర్చు 24,000 కూడ అదే ఋణదాతవద్ద తేవలెను. రెండు నెలల వడ్డీ సుమారు 10,000. అనగా మొదటి పంపకము ఇల్లు చేరునాటికే బాకీ 1,84,000 అయినది. ఆ నెల కట్టిన 9,560 రూపాయలలో 5,520 వడ్డీకే పోవును. అసలున తగ్గునది 4,040 మాత్రమే. ఒక్క నెలయు తప్పక, ఒక్క దినమైన జ్వరము పడక, ఒక్క పెండ్లికైన ఖర్చు చేయక రెండు సంవత్సరములు ఇట్లే కట్టినను, ఒప్పందము ముగియునాటికి ఇంకను సుమారు 60,000 రూపాయల బాకీ నిలిచియుండును.

ఇదే మనిషి, ఇదే జీతము, ఇదే తిండి. కాని ఈసారి ప్రభుత్వ అనుమతిగల ఏజెంటు ద్వారా పోయెననుకొందము. 1983 నాటి వలసల చట్టము క్రింది నియమముల ప్రకారము ఏజెంటు పనివానివద్ద తీసికొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలకు మించరాదు. దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. కలిపిన 35,400 అగును. పాస్‌పోర్టు, వైద్యపరీక్ష, బీమా, ప్రయాణ సన్నాహము అన్నియు కలిపి 50,000 అనుకొందము. ఆ సొమ్మును, రెండు నెలల ఇంటి ఖర్చును, భార్య సభ్యురాలుగా నున్న పొదుపు సంఘము ద్వారా నూటికి రూపాయి వడ్డీకి తెచ్చినచో మొదటి పంపకము నాటికి బాకీ సుమారు 75,400. ఆ నెల కట్టిన 9,560 రూపాయలలో వడ్డీకి పోవునది 754 మాత్రమే. పదునొకండవ నెలలో అప్పు తీరును. ఒప్పందము ముగియునాటికి చేతిలో సుమారు 1,31,000 రూపాయలు నిలువయుండును.

ఒక చోట 60,000 బాకీ. మరియొక చోట 1,31,000 నిలువ. ఈ రెంటి నడుమ భేదము అక్కడి కష్టములో లేదు, ఇక్కడి పొదుపులో లేదు. విమానమెక్కక పూర్వమే వ్రాసిన అప్పుపత్రములో నున్నది. పరదేశమున సంపాదించువాని గృహ బడ్జెటు గూర్చి చెప్పునప్పుడు కాఫీ, టీలు తగ్గించుకొమ్మని బోధించువారు కలరు. నెలకు 5,520 రూపాయలు వడ్డీకి పోవు ఇంట టీ మానుట వలన ఒనగూరునదేమి?

కాగితములలో చూడదగినవి

అనుమతిగల ఏజెంట్ల పట్టిక కేంద్ర ప్రభుత్వమువారి ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైటునందు కలదు. పేరును, లైసెన్సు సంఖ్యను అందు సరిచూచుట పంచాయతీ కార్యాలయమున పది నిమిషముల పని. ఊరిలో తిరుగు ఉపదళారి, ఫలానా ఏజెంటు మనిషినని చెప్పుకొన్నంతమాత్రమున చాలదు. రశీదు ఆ ఏజెంటు పేరుననే యుండవలెను. సందర్శక వీసాపై పంపి అక్కడ పనిలో పెట్టింతునని చెప్పు మాట వినబడినచో సభ్యులు వెంటనే వారింపవలెను. అట్లు పోయినవానికి జీతము ఎగవేసినను అడుగు దారి చిక్కదు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలగు 18 దేశములకు ఉద్యోగమునకై పోవునప్పుడు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఇట్టివారికి ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ తప్పనిసరి. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినచో ప్రమాద మరణమునకుగాని శాశ్వత అంగవైకల్యమునకుగాని 10 లక్షల రూపాయల రక్షణ కలదు. ఆ బీమా పత్రము మనిషితోకూడ విమానమెక్కి పోవుటయే మన ఇండ్లలోని లోపము. నకలు ఇంటిలోనుండనిచో అవసరము వచ్చిననాడు ఇల్లాలికి బీమా కలదను సంగతియే తెలియకపోవును.

ఒప్పందములో మూల జీతమెంత, అలవెన్సులెంత అనునది విడివిడిగా చూడవలెను. ఎమిరేట్సు చట్టము ప్రకారము కనీసము ఒక సంవత్సరము పనిచేసినవానికి, మొదటి ఐదేండ్లవరకు ఏడాదికి 21 దినముల మూలజీతము చొప్పున పని ముగియునప్పుడు గ్రాట్యుటీ ఈయవలెను. జీతము 1,500 అని చెప్పి మూలజీతము 800 అని వ్రాసినచో ఆ మేరకు గ్రాట్యుటీ తగ్గును. ఇక ఓవరుటైము. దళారులు దానిని కలిపియే జీతము చెప్పుదురు. అది వచ్చిననాడు సంతోషముగ పుచ్చుకొనవచ్చును గాని, ఇంటి పద్దులో దానిని జమగా వ్రాయరాదు.

రూపాయి రేటు గూర్చి ఒక మాట. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతమున చెల్లుబడికై ప్రత్యేకముగ రూపాయి నోట్లు ముద్రించినదని నేడు చెప్పినచో కువైటు పోవు పిల్లలు నవ్వుదురు. 1961లో కువైటు తన దినారును తెచ్చుకొన్నది. 1966లో మన రూపాయి విలువ తగ్గించిన పిమ్మట తక్కిన రాజ్యములలో పెక్కును ఆ నోట్లను విడిచినవి. ఇప్పుడు దిర్హము, రియాలు అమెరికా డాలరునకు స్థిరమైన రేటున కట్టబడియున్నవి. డాలరునకు దిర్హములు 3.6725, సౌదీ రియాళ్ళు 3.75. కావున ఇంటికి చేరు రూపాయలు హెచ్చుతగ్గులగుట డాలరు–రూపాయి రేటును బట్టియే. రేటు పెరుగునని సొమ్ము పంపక ఆపుకొనువారు కలరు. నూటికి 3 రూపాయల వడ్డీ నడుచుచుండగా ఒక నెల ఆగుట వలన వచ్చు నష్టమును, రేటులో వచ్చు పైసల లాభము పూరింపజాలదు.

ఇంటివద్ద పద్దు ఎవరు వ్రాయవలెను

సొమ్మును తండ్రికిగాని, అన్నకుగాని పంపుట మన ప్రాంతపు ఆచారము. పెద్దలయందు గౌరవముంచవలసినదే. కాని బియ్యము కొనునది, పిల్లల ఫీజు కట్టునది, మందులు తెచ్చునది ఇల్లాలు. ఆమె ప్రతి వందకును మామగారినో బావగారినో అడుగవలసియున్నచో పద్దు నిలువదు. సొమ్ము ఆమె పేరిటనున్న బ్యాంకు ఖాతాకు రావలెననియు, మామగారికి నెలకొకసారి పద్దు చదివి వినిపింపవలెననియు ఈ వ్యాసకర్త అభిప్రాయము. దీనిని ప్రయాణమునకు ముందే, అందరి యెదుట, మర్యాదగా నిర్ణయించుకొన్నచో తరువాత మాట రాదు.

పద్దునకు గొప్ప చదువు అక్కరలేదు. పిల్లవాని పాత నోటుపుస్తకములో మిగిలిన కాగితములు చాలును. సొమ్ము వచ్చిన దినముననే అప్పు వాయిదా కట్టి రశీదు అంటించవలెను. ఇంటి ఖర్చు తరువాత. మనము సామాన్యముగ చేయునది దీనికి తలక్రిందులు – ఖర్చు పోగా మిగిలినది అప్పునకు కట్టుదుము. ఋణదాతవద్ద నెలనెలకు మిగిలిన అసలెంతో వ్రాయించుకొని సంతకము తీసికొనవలెను. రంగము పోయిన కూలీకి లేని కలము ఈమెకు కలదు.

ఇంకొక సంగతి పద్దు పుస్తకములో కనబడదు. భర్త ఫోనులో ‘ఇక్కడ అంతయు బాగున్నది’ అని చెప్పుచు, రెండు నెలలుగా జీతము రాలేదను సంగతి దాచును. తోటివానివద్ద అప్పుచేసి ఇంటికి పంపును. భార్య పిల్లవాని జ్వరమును దాచి, గాజులు కుదువపెట్టి ఆసుపత్రి ఖర్చు భరించును. ఇరువురును ప్రేమచేతనే దాచుచున్నారు. కాని రెండు అప్పులు రెండు దేశములలో పెరుగుచుండగా పద్దులో మాత్రము అంతయు సక్రమముగ కనబడును. నెలలో ఒక దినము, జీతము పడిన మరునాడు, కుశలప్రశ్నలు పక్కనబెట్టి అంకెలు మాత్రమే చెప్పుకొనుటకు ఫోను చేసికొను కుటుంబములు మేలుపొందుచున్నవి.

అప్పు తీరినంతనే శ్లాబు ఇల్లు తలపునకు వచ్చును. ఇల్లు కోరుట తప్పుగాదు. సగము గోడలవరకు లేపి, తక్కినదానికి మరల అప్పుచేసి, ఆ అప్పు తీర్చుటకు మరల రెండేండ్లు దుబాయి పోవుట మాత్రము విచారింపదగినది. ముందు మూడు నెలల ఇంటి ఖర్చు, పై లెక్కలో 36,000 రూపాయలు, కదలింపని నిలువగా నుంచి పిదప పునాది తీయవలెను. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులను విమానములలో తీసికొనిరావలసి వచ్చినది. దినారులు దాచుకొన్నవారు వాటిని మార్చుకొను దారిలేక విలపించిరి. 2020లో కోవిడు వచ్చినప్పుడు మరల అట్లే ఉద్యోగములు పోయి జనము తిరిగివచ్చిరి. ఇంటివద్ద పంట ఉన్నదిగదా యనుటయు నమ్మదగినది గాదు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలను కూల్చినది. కొత్తగా నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును.

అసలును ముట్టని నిలువ మన ఊరికి కొత్తగాదు. శ్రీకూర్మనాథుని ఆలయ స్తంభములపై నున్న శాసనములలో అఖండదీపములకై గండమాడలను శ్రీభండారమున నుంచిన దాతల వివరములు పెక్కు కలవు. నూనెకు తక్కువైనప్పుడెల్ల మాడలు తీసి ఖర్చుచేసియున్నచో దీపము ఎన్నినాళ్ళు వెలిగెడిది?

ఖాతాల విషయమున ఒక నియమము చాలమందికి తెలియదు. ఉద్యోగమునకై విదేశమునకు పోయినవాడు ఇక్కడి తన సాధారణ సేవింగ్సు ఖాతాను ప్రవాసులకుద్దేశించిన ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను. అక్కడి సంపాదన నిలువయుంచుటకు ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరుగా తెరువవచ్చును. దానిపై వడ్డీకి ఇక్కడ ఆదాయపుపన్ను లేదు. హుండీ మార్గమున పంపిన రుసుము తక్కువని చెప్పువారిని నమ్మరాదు. అది నేరము, సొమ్ము మునిగినచో ఫిర్యాదు చేయుటకైన వీలులేదు.

కుటుంబమును వెంట గొనిపోదలచినవారి లెక్క వేరు. ఎమిరేట్సులో కుటుంబ వీసాకు నెలకు 4,000 దిర్హముల జీతము, లేక బసతోకూడ 3,000 జీతము ఉండవలెను. సౌదీలో వెంటనున్న ప్రతి ఆశ్రితునికి నెలకు 400 రియాళ్ళ రుసుము కలదు. భార్యయు ఇద్దరు పిల్లలునైన 1,200 రియాళ్ళు. బడి ఫీజులు, ఇంటి అద్దె దానిపైన. వెల్డరు జీతమునకు ఇది అందునది కాదని ముందే చెప్పుట ఆ కుటుంబమునకు ఉపకారము.

సభ్యులు చేయదగిన పని

ప్రతి పంచాయతీలోను ఒక పుస్తకము పెట్టవచ్చును. పోయినవాని పేరు, పాస్‌పోర్టు సంఖ్య, ఏజెంటు లైసెన్సు సంఖ్య, కంపెనీ చిరునామా, మూలజీతము, ఒప్పందపు గడువు, బీమా పత్రపు సంఖ్య, ఇంటివద్ద ఫోను – ఇంతమాత్రము. జీతము ఎగవేసినను, మనిషి జాడ తెలియకున్నను రాయబార కార్యాలయమునకుగాని, విదేశాంగ శాఖవారి ‘మదద్’ పోర్టలునందుగాని ఫిర్యాదు చేయుటకు కావలసిన వివరములివే. అవి లేక ‘దుబాయిలో ఏదో కంపెనీ’ అని చెప్పుకొను కుటుంబమునకు ఎవరును సాయపడలేరు. ఈ పుస్తకము గోప్యముగ నుండవలెను; జీతపు అంకె ఊరిలో పడినచో చందాలవారును, చుట్టములును మరునాడే వాకిట నుందురు.

తిరిగివచ్చు నాలుగు నెలల ముందు ఆ పుస్తకము చూచి ఇంటికి కబురుచేయుటయు సభ్యుల పనియే. వీసా రద్దు కాకముందే గ్రాట్యుటీ, మిగిలిన సెలవు జీతము, తిరుగు టికెట్టు గూర్చి కంపెనీతో వ్రాతమూలకముగ తేల్చుకొనవలెను. విమానమెక్కిన పిమ్మట అడుగుట కష్టము. ఇక్కడికి చేరినపిదప బ్యాంకునకు తెలిపి ఖాతాలను మరల సాధారణ ఖాతాలుగా మార్పించుకొనవలెను. అప్పు తీరినదని ఋణదాతచేత వ్రాయించి, కుదువపెట్టిన దస్తావేజును తిరిగి తీసికొన్న తేదీని ఇంటి పద్దులోను, పంచాయతీ పుస్తకములోను వ్రాసి ఆ వరుసను మూసివేయవచ్చును.